వినుకొండ రేగు పొదలో చుక్కల పురుగు

మస్తాన్ వలీ పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్. వినుకొండ దగ్గర పొలాల్లో ఓ పెళ్ళికూతురికి ఫొటోలు తీస్తుంటే ఆమె కొంగు మీద నల్లచుక్కల పసుపు పురుగు వాలింది. ఆ ఫొటో నాకు పంపి, "ఇదేంటి మేడమ్?" అన్నాడు. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను కదా, పుస్తకాలన్నీ తిరగేశాను. ఆకులు తినే పెంకుపురుగుల్లో అరుదైన జాతిలా ఉంది. తేల్చుకోవాలంటే అది ఏ మొక్క మీద బతుకుతుందో చూడాలి. ఆదివారం పొద్దున్నే ఇద్దరం గుంటూరులో రైలెక్కాం.

ఎదురుగా కూర్చున్న పెద్దాయనకు ఫొటో చూపించాం.

"దీనికి ఏం మందు కొట్టాలండీ?"

"మందు కాదండీ, చూడ్డానికి వెళ్తున్నాం."

ఆయన మావైపు జాలిగా చూసి, నరసరావుపేటలో వేరే సీటు ఖాళీ కాగానే అటు మారిపోయాడు.

వినుకొండ స్టేషను బయట ఇడ్లీ తిని, మస్తాన్ ఆ ఫొటో తీసిన పొలాలకి ఆటో ఎక్కాం. మిరప చేల మధ్య గట్టంతా రేగు పొదలే. ముళ్ళు నా చున్నీని చింపేశాక, ఓ ఆకు వెనకాల ఆ పురుగు కనిపించింది. భూతద్దం పెట్టి చూస్తే చుక్కల వరస పుస్తకంలోని బొమ్మతో సరిగ్గా సరిపోయింది. సంతోషంతో మస్తాన్‌ని కేకేసి ఫొటో తియ్యమన్నాను.

అంతలో చేను రైతు వెంకటేశ్వర్లు గారు వీపున స్ప్రేయరుతో వచ్చారు.

"కొత్త పురుగా? జరగండి, కొట్టేస్తా."

"ఇది మీ మిరపనేం చెయ్యదండీ!"

"మిరపకి నల్ల తామరపురుగొచ్చినప్పుడూ ముందు ఇట్టాగే ఏం కాదన్నారు మేడమ్. చివరికి చేలో ఉన్న మొక్కలన్నీ పీకి పారేశాం."

మాటలతో ఆయన భయం తీరేది కాదు. ఓ మిరపాకు, ఓ రేగాకు తుంచి పురుగు ముందు పెట్టాను. అది మిరపాకు ఎక్కి, మీసాలు ఆడించి, దిగిపోయి రేగాకు కొరకసాగింది. ఇంకో పురుగుని పెట్టాం. అదీ అంతే.

వెంకటేశ్వర్లు గారి మొహం మాడిపోయింది. "ఏం, మా మిరపకేం తక్కువంట?"

మస్తాన్ కెమెరా చాటున నవ్వుకున్నాడు.

"సరే, గట్టు జోలికి పోనులెండి. ఒక్క మిరపాకు కొరికినా మీకే ఫోన్ చేస్తా," అని నా నంబరు తీసుకున్నారాయన.

సాయంత్రం తిరుగు రైల్లో మస్తాన్ ఫొటోలు చూపిస్తుంటే పక్కావిడ, "ఇంతదూరం పోయి ఉత్త చేతుల్తోనే వస్తున్నారా?" అంది. పురుగు అక్కడే ఉందని చెబితే ఇంకా ఆశ్చర్యపోయింది.

మీరూ చూడాలనుకుంటే వినుకొండలో దిగండి. గట్టు ఎక్కే ముందు, వెంకటేశ్వర్లు గారితో ఆయన మిరప బాగుందని ఓ మాట అనండి.