తాగకుండా పెట్టిన గహ్వా

సౌదీలో ఖోబర్ చుట్టుపక్కల రోడ్లన్నీ నేనే వేశానని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంటాను. వేయలేదు. వానొస్తే మునిగిపోయే రోడ్ల పక్కన కాలువలు తవ్వించాను, అంతే. మా కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరు ఉద్యోగం వదిలేసి ఎగ్జిట్ మీద వెళ్లిపోయాక కొలతలూ, కాంక్రీటూ, మునిసిపాలిటీ వాళ్ల చీవాట్లూ అన్నీ నా నెత్తిన పడ్డాయి. నేనూ సివిల్ చదివినవాణ్ణే గానీ, వచ్చినప్పుడు నన్ను రప్పించిన యజమాని, అదే కఫీల్, దగ్గర ఫోర్‌మన్ వీసాయే ఉంది. ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డులో అదే పడింది. ఫోర్‌మన్‌కి ఫ్యామిలీ వీసా ఇవ్వరు. ఇక్కడ నేను ఇంజనీరు పని చేస్తుంటే, కాకినాడలో మా ఆవిడ ఇంకా ఎన్నాళ్లండీ అని ఫోనులో అడిగేది.

ఇక్కడి మర్యాద ఒకటి మా డ్రైవరు చెప్పాడు. అతిథి గహ్వా, అదే అరబ్బు కాఫీ, తాగకుండా కప్పు కింద పెడితే, ఏదో అడగడానికి వచ్చాడని లెక్క. ఎదుటివాడు మాట ఇచ్చాకే తాగుతాడు.

నేను చెప్పే కథలో మా ముదీర్, అంటే మేనేజరు, ముందు కప్పు ఠంగున పెడతాను. చేసే పనికి తగ్గ పేరు ఇస్తేనే తాగుతానంటాను. ఏసీ గదిలో ఆయనకు చెమటలు పడతాయి.

మొన్న శుక్రవారం అజీజియాలో మా ఇంటికి కొత్త దంపతులు వస్తే, వాళ్లకీ ఈ కథే మొదలుపెట్టాను. చెమటల దాకా వచ్చేసరికి, అప్పటికే వచ్చి కూర్చున్న మా కంపెనీ అకౌంటెంటు, కరీంనగర్ మనిషి, చాయ్ ముట్టకుండా బల్ల మీద పెట్టేశాడు.

"ఏమయ్యా, పంచదార తక్కువ వేసుకుంటావా నువ్వు?" అంది మా ఆవిడ.

"చక్కెర ముచ్చట కాదు వదినా. అన్న నిజం చెప్తెనే తాగుత."

చెప్పక తప్పలేదు.

నేను పేరు అడగడానికి వెళ్లిన రోజు బిల్లుల పని మీద అతనూ నాతో ముదీర్ గదికి వచ్చాడు. కప్పు తాగకూడదని దారంతా అనుకుంటూనే వెళ్లాను. కానీ చేతికి కాఫీ తగిలితే నోటిదాకా పోవడం మా గోదావరి వాళ్ల అలవాటు. తాగేశాను. మళ్లీ పోశారు, మళ్లీ తాగాను. ఇక చాలని కప్పు ఊపి, కాలువ గురించి ఏదో గొణిగి లేచాను.

ముదీర్ నన్ను చూడటం లేదు. అకౌంటెంటు ముందున్న నిండు కప్పును చూస్తున్నాడు. కషాయంలా ఉంటుందని అతను గహ్వా ముట్టడు. మర్యాద సంగతి అప్పటికి అతనికి తెలియనే తెలియదు.

"నీకేం కావాలో అడుగు," అన్నాడు ముదీర్.

అతనేమో తన జీతం పెంచమని అడగడానికి ధైర్యం చాలక ఏడాదిగా తిరుగుతున్న మనిషి. ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత నావైపు చెయ్యి చూపించి, ఇంజనీరు పనంతా ఈయనే చేస్తున్నాడు, ఆ పేరు కూడా ఈయనకే ఇప్పించండి అని ఇంగ్లీషులో చెప్పాడు.

"తాగు," అన్నాడు ముదీర్.

ఆముదం తాగినట్టు కళ్లు మూసుకుని మొత్తం తాగాడు. ఆ తర్వాతే నా ఇకామా మారింది, మా ఆవిడ వచ్చింది.

ఇన్నేళ్లూ ఆమెకు కూడా చెమటల కథే చెప్పాను. నావైపు చూడకుండా లేచి, చల్లారిన అతని చాయ్ పారబోసి, అల్లం దంచి మళ్లీ కాచి తెచ్చింది. నాకు పోయలేదు.