ఉదయగిరిలో నాకిచ్చిన ఎర్ర శరబత్తు

కరువు తగ్గి దారుల్లో మళ్లీ బండ్లు కనిపించిన ఏడాది, పెళ్లిచూపుల కోసం మా మేనమామ దేవదానంతో నెల్లూరు నుంచి ఉదయగిరికి బయలుదేరాను. నేను మిషను బడిలో ఉపాధ్యాయుణ్ణి. మద్యం ముట్టనని చర్చిలో సంఘం ముందు ప్రమాణం చేసినవాణ్ణి. ఇది ముందే చెప్పడం మంచిది.

కోడి కూసేవేళ బండి ఎక్కాం. సంగం దగ్గర పెన్న ఇసుకలో చక్రాలు దిగబడితే మేమూ దిగి తోశాం. చీకటి పడ్డాక ఆత్మకూరు చేరి, మా సంఘంలోని ఒక అవ్వ ఇంట్లో సజ్జ సంకటి తిని పడుకున్నాం.

"బట్లరు సాలొమోను కూతురా? ఆ ఇంట్లో ఏంది తక్కువ నాయనా! దొర సీమకు పోతా సామానంతా ఆయనకే ఇచ్చిపోయినాడు" అందావిడ.

మరునాడంతా రాళ్ల దారి. ఉదయగిరి కొండ కనిపిస్తూనే ఉంది గాని దగ్గరికి రాదు. పొద్దు వాలేటప్పటికి చేరాం. సాలొమోను గుమ్మంలోనే ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, అద్దాల బీరువా తెరిచాడు. లోపల రంగురంగుల సీసాలు. ఎర్రని సీసాలోంచి కొంత, ఆకుపచ్చ సీసాలోంచి కొంత గ్లాసులో పోసి, నిమ్మకాయ పిండి, బావి నీళ్లు కలిపాడు.

"మూలికల శరబత్తు. బాగా ఆకలి పుట్టిస్తాది."

మామ ఉపవాసమని వద్దన్నాడు. నేను దాహంతో ఉన్నాను. మొదట చేదు, ఆ వెంటనే సోంపు వాసన, చివర తీపి. అలాంటి రుచి నేనెరగను. గటగటా తాగుతున్నాను.

లోపలినుంచి అమ్మాయి వచ్చింది. పేరు మార్తమ్మ. నా గ్లాసు చూసి నిలబడిపోయింది.

"అది శరబత్తు కాదు. సారాయి. ఇంక తాగబాకండి."

గ్లాసు చేతిలోంచి జారి నేలమీద పగిలింది. ప్రమాణం పోయిందన్న భయం ఒకటైతే, అది నాకు నచ్చిందన్న భయం అంతకు మించింది.

"వచ్చినోళ్ల ముందు ఏందే ఆ మాటలు?" అని సాలొమోను అరిచాడు.

ఆమె నావైపే చూసి చెప్పింది: "అమ్మ పోయినప్పటినించీ నాయన తాగతా ఉండాడు. రోజూ సాయంత్రం నేనే కలిపిస్తాను, సారాయి కొంచెం, నీళ్లు ఎక్కువ. నేను లేకపోతే సీసా ఎత్తి తాగేస్తాడు. నేనొస్తే ఆయనా నాతోనే వస్తాడు. సీసాలు రావు. ఇది తెలిసినాకే అవుననో కాదనో చెప్పండి."

ఆడపిల్ల పెళ్లిచూపుల్లో అలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మామ లేచి కండువా దులిపాడు. సాలొమోను గడపమీద కూలబడి, "మర్యాద చేద్దామనే కలిపినాను అయ్యవారూ. నాకు వచ్చిన పని ఇదొక్కటే" అని ఏడ్చాడు.

తెల్లవారగానే తిరుగుదారి పట్టాం. ఆత్మకూరు దాటేదాకా మామ తిడుతూనే ఉన్నాడు.

"తాగుబోతు ఇంటి పిల్ల మనకెందుకురా? ఊరు చేరంగానే వద్దని కబురు పెడతా."

పెన్న ఒడ్డున ఎడ్లను నీళ్లకు విప్పారు. శరబత్తని చెప్పి సారాయి ఇచ్చిన ఇల్లు అది. అక్కడ నా ముందు దాపరికం లేకుండా నిలబడ్డ మనిషి మార్తమ్మ ఒక్కతే.

"మామా, పెళ్లయ్యాక మేమిద్దరం బడి పక్కన నా ఒంటి గదిలోనే సర్దుకోవచ్చనుకున్నాను గాని, ఇప్పుడు ముగ్గురికి చాలే ఇల్లు చూడాలి" అన్నాను.