మూడో కొడుకు వాటా

ఈ సంగతి నేను ఎత్తుకోగానే మా ఇంట్లో అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. మా ఆవిడకు పొయ్యి మీది పాలు, మా అమ్మాయికి ఛార్జింగ్ పెట్టని ఫోను. ముప్పై ఏళ్లుగా ఒక్కరూ చివరిదాకా వినలేదు. అందుకే రాస్తున్నాను. మాట్లాడేవాణ్ణి వదిలేసి వంటింట్లోకి పోవచ్చు గానీ, రాసింది ఎక్కడికీ పోదు.

మొన్న అమ్మాయిని ఏదో ప్రవేశ పరీక్షకు మేడ్చల్ తీసుకెళ్లాను. బయటికొచ్చిన పిల్లలు తల్లిదండ్రుల చేతుల్లోంచి ఫోన్లు లాక్కుని, గేటు ముందే గుంపు కట్టి జవాబులు సరిచూసుకోవడం మొదలుపెట్టారు. మా అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "ఒక లెక్క తప్పయింది డాడీ. ఒక్క మార్కే కదా, పోతే పోనీ" అంది. నేను బండికి కిక్కు కొడుతూనే ఉన్నాను. తాళం తిప్పలేదని ఆ పిల్లే చెప్పింది. ఒక్క మార్కేనట! ఇంటికొచ్చినా కూర్చోలేకపోయాను. అన్నం ముందు కూడా రెండుసార్లు లేచాను.

నా పదో తరగతి అయిన ఏడు, నేనూ మా మేనత్త కొడుకూ అత్వెల్లి నుంచి శామీర్‌పేట వెళ్లి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాశాం. నాకంటే మూడు నెలలు పెద్ద కాబట్టి అతను బావ. ఆ మూడు నెలల పెద్దరికాన్ని ఏనాడూ వృథా పోనివ్వలేదు. మా నాయిన పొద్దున్నే తేల్చి చెప్పాడు: "సీటొస్తే సదువు. రాకుంటే రేపటి సంది నాతోని పొలానికి రా." అప్పుడు నాకు చదువంటే అంత ప్రేమ ఉండిందని చెప్పను గానీ, ఎండలో బురద తొక్కడం మీద మాత్రం అసలు లేదు.

ఆ రోజుల్లో జవాబులను హాల్ టికెట్ వెనక పెన్సిలుతో సన్నగా రాసుకొచ్చేవాళ్లం. తిరుగు బస్సులో నిలబడే, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో హాల్ టికెట్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. సైన్సు దాటాం, లెక్కల్లో సగం దాటాం. అన్నీ కలుస్తున్నాయి. అప్పుడొచ్చింది ఆ ప్రశ్న. ఒక రైతుకు 1.20 ఎకరాల పొలం ఉంది. ముగ్గురు కొడుకులకు సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత? బావ 0.40 అని పెట్టాడు. నేను 0.20 అని పెట్టాను.

మా వైపు పొలం కాగితాలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను: వాటిలో చుక్కకు ఇటు ఎకరాలు, అటు గుంటలు. ఎకరానికి నలభై గుంటలు. కాబట్టి 1.20 అంటే ఎకరం ఇరవై గుంటలు, మొత్తం అరవై. ముగ్గురికి పంచితే తలా ఇరవై. బడిలో దశాంశాలు నేర్చుకోకముందే నాయిన పాసుబుక్కులో నేను చదివిన అంకెలివి.

"గిదేంది బామ్మర్దీ, నాలుగు మూళ్లు పన్నెండు గూడ రాదా?" అన్నాడు బావ.

"0.40 అంటే నలభై గుంటలు బావా. ఎకరం! ఎకరన్నర పొలాన్ని ముగ్గురికి తలా ఎకరం ఎట్ల పంచుతవ్?"

బావ బస్సంతా వినేలా నవ్వాడు. "పరీక్ష రాయమంటే పొలం కొలిసొచ్చిండు మా పట్వారీ సాబ్!" కండక్టరు కూడా నవ్వాడు. టికెట్ ఇస్తూ, "ఏడ దిగుతవ్, పట్వారీ సాబ్?" అని అడిగాడు. ఊరు చేరేలోపు ఆ పేరు నాకంటే ముందే దిగి ఇంటింటికీ వెళ్లింది.

నాయినకు లెక్క చదివి వినిపించాను. సద్ది గిన్నె కడుగుతూ తల ఎత్తకుండానే, "ఇర్వై గుంటలు. గండ్ల అడుగుడేముంది?" అన్నాడు. లోకంలో నా పక్షాన నిలబడ్డవాడు ఆయనొక్కడే. ఆయనకు చదువు రాదు.

చివరి సీటు వచ్చినవాడికీ నాకూ ఒక్క మార్కు తేడా. బావ పాలిటెక్నిక్ మెట్లెక్కాడు, నేను మడిలో దిగాను. తర్వాత బోరు మోటార్లు బాగుచేయడం నేర్చుకుని బతికాననుకోండి, బాగానే బతికాను. కానీ పరీక్ష పెట్టినవాళ్లకు పాసుబుక్కు నకలు జతచేసి ఒకటి కాదు, నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ బదులు లేదు.

ఈ ఎండాకాలం మా మేనత్త తన పేరిటి పొలం కొడుకులకు రాసిస్తుంటే, సాక్షి సంతకానికి నన్నూ పిలిచారు. కాగితం టైపు చేసే కుర్రాడు "ఒకటి పాయింట్ రెండు ఎకరాలు" అని పైకి చదివాడు. బావ కుర్చీలోంచి లేచాడు. "ఏంది తమ్మీ! పన్నెండు గుంటలు మాయం జేస్తవా? ఎకరం ఇర్వై గుంటలు అది. గంత గూడ తెల్వదా?"

అంతా నా వైపు తిరిగేంత గట్టిగా, "బావా, గా మాట మళ్లొక్కసారి చెప్పు" అన్నాను.

అతనికి అర్థమైంది. కళ్లద్దాలు తీసి తుడిచాడు. "ఇంక గదే పట్టుకున్నవా? గది పరీక్ష, గిది భూమి."

"పరీక్షల అడిగింది గూడ పొలమేనాయె."

"పా పట్వారీ సాబ్, చాయ్ తాగుదాం" అని నా భుజం తట్టాడు. మేనత్త ముందు మాట పెంచలేక తాగాను. సగం గ్లాసులోనే వదిలేసి లేచొచ్చాను.

ఇక బావను అడగను. అడగాల్సింది ఆ ప్రశ్న రాసిన సారును. సారూ, మీదే ఊరో నాకు తెలియదు. ఈ పాటికి పెద్దవారై ఉంటారు. మీ జవాబు ప్రకారం పెద్దకొడుక్కి నలభై గుంటలిస్తే, రెండోవాడికి ఇరవైయే మిగిలాయి. మూడోవాణ్ణి ఏ గట్టు మీద నిలబెట్టారు? మొత్తం పేపరుకు మీరు నాకు రెండు గంటలే ఇచ్చారు. ఈ ఒక్క ప్రశ్నకు నేను మీకు ముప్పై ఏళ్లిచ్చాను. టైమైపోయింది సారూ, ఇప్పుడైనా జవాబు చెప్పండి.