పగలని పచ్చ కూజా

నా నోటి దురుసు వల్లే మా నాయనకు మూడో బోరు తప్పిపోయిందని మావాళ్లు పెళ్లిళ్లలో, దినాల్లో ఈనాటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. నోటితో నేను చేసింది తక్కువ, చెరిపిందంతా చేత్తోనే.

ఆ రోజుల్లో డిగ్రీలో కెమిస్ట్రీ చదివే నాకు ఉరవకొండ దాటితే అంతా అజ్ఞానమే కనిపించేది (ఉరవకొండలోనూ కొంత కనిపించేది). మా ఇంట్లో ఎప్పటిదో ఒక లేతపచ్చ చైనా కూజా ఉండేది. వాన పడితే విత్తడానికి మా జేజి, అంటే నాయన తల్లి, అందులో కందిగింజలు దాచేది. ఆమె తాళంచెవి తగిలి మూతి దగ్గర చిన్న పెచ్చు లేచింది. రెండు బోర్లు ఎండిపోయాక, మూడోది వేయించడానికి ఆ కూజాను అమ్మాలని నాయన బెంగళూరు నుంచి పాతవస్తువులు వేలం వేసే ఒకాయనను పిలిపించాడు.

ఆయన దాన్ని ఎండలో తిప్పి తిప్పి చూశాడు. "పాత సరుకు మాదిరే ఉండాది. వేలంలో పెడితే బోరుతో పాటు మోటారూ వస్తాది" అన్నాడు. ఆ మాటకు నాయన కళ్లలో నీళ్లు పడ్డాయి. అక్కడితో ఆగాడా? "అసలుదైతే విషం పోస్తానే పగిలిపోతాదమ్మా. నవాబులు అందుకే కొంటాండ్రి" అన్నాడు నావైపు తిరిగి.

"మట్టికి విషమెట్ల తెలుస్తాదన్నా? ఉత్తమాట!"

"పెద్దోళ్లు చెప్పినార్లేమ్మా."

"పెద్దోళ్లు కెమిస్ట్రీ చదివినారా?"

"నోరు మూస్తావా లేదా!" అన్నాడు నాయన. "దాని మాట పట్టుకోవద్దప్పా, చదువు తలకెక్కిండాది" అంది జేజి. అప్పటికే నేను గింజలు ఆమె ఒడిలో కుమ్మరించి, శెనక్కాయ చేనుకు కొట్టే పురుగుమందు తెచ్చి కూజాలో పోసేశాను. నలుగురం కూజా మీదికి వంగి చూశాం. వెంట్రుకంత చీలిక కూడా రాలేదు.

"చూసినారా!" అన్నాను.

"చూసినానమ్మా. పగల్లేదు. అంటే ఇది దొంగసరుకే." ఆయన సంచి తీసుకుని, మళ్లీ కింద పెట్టాడు. "ఇంతదూరం వచ్చినా గదా, రెండు మేకల దుడ్లిస్తా."

వాదన నేనే గెలిచాను. నాయన గడప మీద కూర్చుండిపోయాడు. "విషం పోసినాంక గింజలెట్ల పోసేది? తీసకపోనీ" అంది జేజి, కందిగింజలు కొంగున ముడేసుకుంటూ. ఆ ఏడు నాయన ధర్మవరం మగ్గాల దగ్గరికి కూలికి పోయాడు.

మొన్న ఫోన్‌లో ఏదో వేలంపాట బొమ్మలు చూస్తుంటే కనబడింది, అదే పచ్చ, అదే మూతి, జేజి తాళంచెవి లేపిన అదే పెచ్చు. పక్కనున్న ధరకు మా ఊరంతటికీ బోర్లు వేయించవచ్చు. ఆ కెమిస్ట్రీ పిల్లను తలచుకుని నాలో నేనే నవ్వుకున్నాను. విషానికి కూజా పగలదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. నాకు తేలనిది ఒక్కటే. విషం కథను ఆయన నిజంగా నమ్మాడా, లేక గడపలో అడుగు పెట్టగానే నా వాలకం కనిపెట్టి కావాలనే చెప్పాడా?