ఎక్కువైన ఆక్సిజన్

2023 చలికాలం. చిత్తూరులో ఒక ఆసుపత్రి ఛాతీ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. చెరకు ఆడే రోజులు వచ్చాయంటే గానుగల దగ్గర పనిచేసేవాళ్లు మా వార్డుకి వరస కడతారు. పూతలపట్టు వైపు నుంచి వచ్చిన చెంగల్రాయుడు అలాంటి మనిషే. జీవితమంతా బెల్లం పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తూ ఆ పొగ మింగినవాడు. దానికి తోడు బీడీలు. జబ్బు సీఓపీడీ, అంటే గాలిగొట్టాలు ఇరుకైపోయి పీల్చిన గాలి సరిగా బయటికి పోకపోవడం.

ఆక్సిజన్ తక్కువగానే పెట్టమన్నారు డాక్టరు గారు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరులో తొంభై దగ్గర ఉంటే చాలన్నారు. పెద్దాయన కొడుకు మురళికి అది మింగుడు పడలేదు.

"పక్క మంచమాయనకి తొంబై ఎనిమిది ఉండాది. మా నాయనకి తొంబైయేనా? గాలి మిగిల్చి ఏం జేస్తారు సిస్టరమ్మా?"

"మీ నాయనకి అదే సరి. ఆక్సిజన్ తిప్పే ఆ మర మీద చెయ్యి పెట్టావంటే ఊరుకోను" అన్నాను. నా నోటి సంగతి వార్డులో అందరికీ తెలుసు.

మధ్యాహ్నం మందులు ఇస్తూ వచ్చేసరికి పెద్దాయన నిద్రపోతున్నాడు. చేరినప్పటి నుంచి కూర్చునే రొప్పిన మనిషి! మురళి ముఖం వెలిగిపోతోంది.

"సూడండి, ఎంత కమ్మగా పడుకున్నాడో!"

మీటరులో తొంభై తొమ్మిది. భుజం తట్టి చూశాను. పిలిస్తే పలకడం లేదు. ఊపిరి నిదానమైపోయింది. ఫ్లోమీటరు, అంటే ఆక్సిజన్ ఎంత పోతోందో చూపే గొట్టంలో, గుండు పైకెక్కి కూర్చుంది.

"ఎవరు తిప్పారు?"

"నేనే. పొయ్యికి గాలి బాగా తగిలితేనే గదా మంట లేచేది. నాయనకీ బలమొస్తాదని..."

మరను మునుపటి గుర్తుకి తగ్గించి డాక్టరు గారిని పిలిచాను. మణికట్టు దగ్గర రక్తం తీసి ఏబీజీ, అంటే రక్తంలోని వాయువుల పరీక్ష చేస్తే, కార్బన్ డయాక్సైడ్ బాగా పేరుకుపోయింది. ముఖానికి మాస్కు బిగించి, ఊపిరి ఆడేందుకు సాయం చేసే బైపాప్ యంత్రం పెట్టాం. దానికీ తేరుకోకపోతే గొంతులోకి గొట్టం వెయ్యాలి, ఆపైన ఏమీ చెప్పలేమన్నారు డాక్టరు గారు. మురళి గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

"నా చేతులారా మా నాయన్ని సంపుకుంటినా సిస్టరమ్మా?"

తిట్టబోయి మానుకున్నాను. పక్కన కూర్చుని చెప్పాను. మామూలుగా మన చేత ఊపిరి పీల్పించేది ఆక్సిజన్ కొరత కాదు, ఒంట్లో పెరిగే కార్బన్ డయాక్సైడ్. మెదడు అడుగున మెడుల్లా అనే చోటు దాన్ని కనిపెట్టి ఊపిరిని పెంచుతుంది, తగ్గిస్తుంది. మనం నిద్రపోయినా అది నిద్రపోదు. పొగ తిన్న ఇలాంటి ఒంట్లో ఆ వాయువు ఎప్పుడూ ఎక్కువే కాబట్టి మెదడు దానికి అలవాటు పడిపోతుంది. ఆక్సిజన్ కొరతను కనిపెట్టే మెడలోని రక్తనాళాల కబురు మీద కూడా ఆధారపడుతుంది. బాగున్న ఊపిరితిత్తి భాగాలకే రక్తం ఎక్కువగా మళ్లుతుంది. అవసరానికి మించి ఆక్సిజన్ పోస్తే ఈ ఏర్పాటంతా చెదిరి, ఆ వాయువు ఇంకా పేరుకుని మనిషి మత్తులోకి జారిపోతాడు. పాడైన ఊపిరితిత్తులతోనే ఇన్నేళ్లు పొయ్యి ముందు ఆయన్ని నిలబెట్టిన ఆ ఒంటిని చూస్తే నాకు దండం పెట్టాలనిపించింది.

మర్నాడు పొద్దున పెద్దాయన కళ్లు తెరిచాడు. మాస్కు తీసి నీళ్లు తాగించాను. మురళి ఏడుస్తూ జరిగిందంతా చెప్పాడు. పెద్దాయన ఊపిరి కూడదీసుకున్నాడు.

"పాకం ముదిరేటప్పుడు ఏం జేస్తాం రా?"

"మంట తగ్గిస్తాం నాయనా."

"తగ్గించకుంటే?"

"మాడిపోతాది."

"నా ఒళ్లూ అట్లే అబ్బా. ఆయమ్మ ఎంత పెట్టమంటే అంతే పెట్టు."

జబ్బుపడిన ఒళ్లు కూడా తన తెలివితో తాను నడుస్తూనే ఉంటుందని, దానికి అడ్డం పడకుండా సాయం చెయ్యడమే మా పని అని ఆ కేసు నాకు నేర్పింది. ఇప్పుడు ఎవరికి ఆక్సిజన్ పెట్టినా, ఎంత పెట్టాలో చెప్పి ఊరుకోను, ఎందుకో కూడా చెబుతాను.

మురళికి మాత్రం భయం తీరలేదు. ఇంటికి పంపే రోజు దాకా, పెద్దాయన కన్ను మూస్తే చాలు, "నాయనా, పలుకు" అని తట్టి లేపేవాడు. చివరికి ఆయనకి విసుగొచ్చింది.

"గమ్మునుండు రా. పడుకున్నా ఊపిరి పీల్చేది నాకు తెలుసులే."