ఖాళీ చేలో ఆట

మా ఆయనకూ నాకూ ఫుట్‌బాల్ పిచ్చి. కోస్తా నుంచి ఉరవకొండకు బదిలీపై వచ్చిన కొత్తలో, ఇక్కడ ఆట ఎక్కడ జరుగుతుందని కనిపించినవాళ్లనల్లా విసిగించాం. దసరా దాటి వేరుశనగ పీకేశాక ఊరవతలి చేలే మైదానాలవుతాయని అప్పుడే తెలిసింది. ఇక ప్రతి ఆదివారం బండి మీద వెళ్లేవాళ్లం. గట్టు మీద కూర్చుని, చెరో జట్టు పక్షం పట్టి, ఇంటికొచ్చేదాకా పోట్లాడుకునేవాళ్లం.

మరుసటి ఏడు వినాయక చవితికే చేలో గోల్ కర్రలు లేచాయి. సంబరం పట్టలేక ఆ చేను రైతుతో నేనే అన్నాను: "ఈసారి ఆట ముందే మొదలైందే అన్నా, భలే!"

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"వాన రాలేదు గదమ్మా. శనక్కాయ చెట్టంతా ఎండిపాయ, గొర్రెలకు ఇడిసినాం. చేను ఊరికే ఉండాది, పిల్లోళ్లు ఆడుకోనీలే అంటి" అన్నాడు.

ఆ రోజు ఎవరు గెలిచారో మా ఇద్దరికీ తెలీదు.

అప్పటి నుంచి ఏటా ఆట ఆలస్యం కావాలనే కోరుకుంటున్నాం. ఈ ఏడు చవితి ఇంకా రానే లేదు, అప్పుడే అవతలి చేలోంచి బంతి తన్నిన చప్పుడు వినిపిస్తోంది. బండి తాళం మేకుకే వేలాడుతోంది. ఇద్దరం అటు చూడటం లేదు.