సంజీవమ్మ కరివేపాకు తొట్టి

కువైట్‌లో నేను పదేళ్లు డ్రైవరుగా చేశాను, అందులో ఏడేళ్లు జాబ్రియాలో ఒకే ఇంట్లో. ఆ ఇంట్లో వంటా, పాచిపనీ సంజీవమ్మవి. ఆమెది రాయచోటి అవతల ఓ పల్లె. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది, పప్పు వడ్డిస్తే పొర్లిపోవాల్సిందే. ఆమె గురించి రాస్తూ నన్ను నేను దాచుకుంటే పాపం. ఆమె చేసిన తప్పులో నాకూ వాటా ఉంది, అదీ రుచి చూసి మరీ తిన్న వాటా.

తోటమాలి బాబ్జాన్‌ది ఆమె పక్క ఊరే. ఎనభై రెండులో సెలవుకి వెళ్లి వస్తూ తన పెరటి కరివేపాకు గింజలు చొక్కా జేబులో వేసుకొచ్చాడు. అంచు విరిగిన ప్లాస్టిక్ తొట్టిలో మట్టి నింపి సంజీవమ్మకిచ్చాడు.

"తడి ఎక్కువ పెట్టొద్దక్కా. రెండ్రోజులకొక చెంబు చాలు" అన్నాడు.

తోటలో ఒక సిమెంటు అరుగు ఉండేది. దాని వెనక, ఎవరి కంటా పడని మూల, తొట్టి పెట్టారు. మరి సంజీవమ్మ ఒకరి మాట వింటేనా? బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, టీ పిప్పి, అన్నీ దాని మొదట్లోనే.

"మా ఊర్లో కుడితినీళ్లు పోస్తేనే చెట్టుకు బలం. గడ్డి కోసేటోడు, వానికేం తెల్సు?" అనేది.

మొక్క ఏపుగా లేచింది. మరుసటేటికల్లా నా చారులో పచ్చి కరివేపాకు పడింది. కోనసీమ వాణ్ణి, ఆ వాసనకి ప్రాణం లేచొచ్చేది. నేను పొగిడిన కొద్దీ ఆమె ఇంకా తడి పెట్టేది.

ఎనభై నాలుగు మార్చిలో పురుగులు మొదలయ్యాయి. ఇంటావిడని అందరం మామా అనేవాళ్లం. సాయంత్రం ఆవిడా, ఆవిడ ముసలి తల్లీ ఆ అరుగు మీద చాయ్ తాగేవారు. ఈ పురుగులు కంటికి ఆనేవి కావు. దోమైతే చెవి దగ్గర పాట పాడి మరీ కుడుతుంది, దానికి మర్యాద తెలుసు. వీటికి అదీ లేదు, మంట పుట్టాకే తెలిసేది. సంజీవమ్మ నుసుములు అంది, మామా బర్ఘష్ అంది. బుఖూర్ ధూపం వేశారు, ఫ్యాను పెట్టారు, అరుగంతా కిరసనాయిలుతో తుడిపించారు. ముసలావిడ చీలమండలు గోకి గోకి పుండ్లు పడ్డాయి.

"తోటంతా బురద చేస్తున్నాడు ఈ తోటమాలి. వారంలో ఇవి పోకపోతే వీణ్ణి పంపించేస్తాను" అంది మామా.

మర్నాడు పొద్దున్నే సంజీవమ్మ నేను కారు కడుగుతున్న చోటికి పరుగెత్తుకొచ్చింది. చేతులనిండా ఎర్రటి దద్దుర్లు.

"అచ్చిబాబన్నా, తొట్టి పక్కకు జరిపితే కింద నల్ల బురద. నుసుములు గుప్పున లేసినాయి. ఆడనే పుడ్తాండాయన్నా!"

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒక్కటే, వెళ్లి మామాతో చెప్పెయ్యమని. నేనన్నది వేరు.

"ఇప్పుడేం మాటాడకండమ్మా. ఎండలు ముదిరితే అయ్యే సస్తాయి."

"నోరు తెరిస్తే నన్ను పంపించేస్తాదన్నా" అంది. ఆమెకి కావలసిన మాటే నేనన్నాను. చారు మీద ఆశ కూడా నా చేత ఆ మాట అనిపించింది, అబద్ధమెందుకు?

వారం తిరిగింది. మామా బాబ్జాన్‌ని పిలిచి నిలదీసింది. నేనూ సంజీవమ్మా అక్కడే ఉన్నాం. అతను ఒకసారి అరుగు వైపు, ఒకసారి సంజీవమ్మ వైపు చూసి తల దించుకున్నాడు. నీళ్లు ఎక్కువ పెట్టింది తానేనని వచ్చీరాని అరబ్బీలో ఒప్పుకున్నాడు. భయపడ్డాడనుకున్నాను.

"ఖలాస్" అంది మామా. ఊరికి దూరంగా అమ్ఘరాలో వాళ్ల తమ్ముడి తుక్కు ఇనుము యార్డుకి పంపేసింది.

ఆ సాయంత్రమే సంజీవమ్మ మొక్కని పీకి, తొట్టితో సహా చెత్తలో పారేసింది. రెండు వారాల్లో పురుగులు పోయాయి. మామా హాయిగా అరుగు మీద కూర్చుని, "చూశావా, వాడు పోయాడు, బర్ఘష్ పోయింది" అంది. సంజీవమ్మ ఖాళీ చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం ఇద్దరం అమ్ఘరా వెళ్లాం. బాబ్జాన్ చేతులు ఇనుప రేకులకి కోసుకుపోయి ఉన్నాయి. అతను అడిగిన మొదటి మాట ఇది.

"చెట్టు బాగుండాదా అక్కా?"

సంజీవమ్మ నా వైపు చూసింది. నేను ఇనుము వైపు చూశాను.

"బాగుండాది" అంది.

"ఈసారి వచ్చేటప్పుడు రెండు రెమ్మలు తేక్కా. ఈడ కూరల్లో రుచే ల్యా."

అప్పట్నుంచి మూడేళ్లు, వెళ్లినప్పుడల్లా మలయాళీ కొట్లో ఎక్కువ ధర పెట్టి కరివేపాకు కొనేది. కట్ట విప్పి, దారం పారేసి, తడిగుడ్డలో చుట్టి, "మన చెట్టుదే" అని ఇచ్చేది. అతను వాసన చూసి కళ్లు మూసుకునేవాడు. ఆ కాసేపు నాకు అక్కడ నిలబడబుద్ధయ్యేది కాదు.

ఎనభై ఏడులో బాబ్జాన్ పూర్తిగా ఇంటికి వెళ్లిపోతూ జాబ్రియాకి చెప్పిపోదామని వచ్చాడు. వస్తూనే అరుగు వెనక్కి నడిచాడు. అక్కడ ఉత్త నేల.

సంజీవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్ను పంపించిన దినమే పీకేసినా బాబ్జానూ. నీకు తెచ్చిందంతా అంగట్లోది. నుసుములు ఆ తొట్టిలోవేనని తెల్సి కూడా నేను నోరు తెరవల్యా."

అతను వంగి ఆ నేలని చేత్తో తడిమాడు.

"తొట్టిలోవని నాకూ తెల్సక్కా. తోటమాలిని, తెల్దా? చెప్తే మామా చెట్టు పీకిస్తాదని తప్పు నా మీద ఏసుకున్యా."

తిట్టినా బాగుండేది. అతను సంచి భుజాన వేసుకున్నాడు.

"గింజలు పంపిస్తాలే. ఈసారన్నా తడి తక్కువ పెట్టు" అన్నాడు.

గింజలు నిజంగానే వచ్చాయి. సంజీవమ్మ వాటిని నాటలేకపోయింది. నాటమని నేనూ అనలేకపోయాను.